మా స్టాఫ్‌రూమ్ చేసిన పెళ్లి

రాజమండ్రికి దగ్గర్లో ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను తెలుగు చెబుతాను. మొన్న మే నెలలో మా సైన్స్ మాస్టారికీ, సోషల్ టీచరుకీ పెళ్లయింది. పెళ్లి పెద్దలుగా నిలబడింది మా స్టాఫే. ఇలా మతాలు వేరైనవాళ్ల పెళ్లి మా సర్వీసులో మేమెవరం చేయించలేదు. ఏ ఆఫీసుకు వెళ్లాలి, ఇంట్లోవాళ్లకు ఎప్పుడు చెప్పాలి, పిల్లలకు ఏమని చెప్పాలి, అన్నీ నలుగురినీ అడిగి తెలుసుకుంటూ చేశాం. ఇప్పుడు పక్క మండలాల టీచర్లు ఫోన్ చేసి ఎలా చేశారని అడుగుతున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రాయమని వాళ్లిద్దరూ చెప్పారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

ఇద్దరూ 2018 డీఎస్సీలో ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు. మాస్టారిది రాజమండ్రిలోనే క్రైస్తవ కుటుంబం. తండ్రి లేరు, తల్లి కష్టపడి చదివించింది. సోషల్ టీచరుది కోనసీమ, కొబ్బరి తోటలున్న హిందూ రైతు కుటుంబం. పదో తరగతి పిల్లలకు సాయంత్రం స్టడీ అవర్లు పెడితే ఈ ఇద్దరే ఎక్కువగా ఉండేవారు. వెనకబడిన పిల్లల ఇళ్లకు వెళ్లి మరీ బడికి తీసుకొచ్చేవారు. ఒకరి పని మీద ఒకరికి గౌరవం ముందు కలిగింది, ఇష్టం ఆ తర్వాత వచ్చింది. ఇది నేను కళ్లారా చూసిన విషయం.

ఒకరోజు ఆమె, "అక్కా, మీతో ఒక మాట చెప్పాలి" అంది. చెప్పింది. నాకు సంతోషమూ కలిగింది, టెన్షనూ పట్టుకుంది. ఊళ్లో మాట పుడితే ముందు నలిగేది ఆడపిల్ల. పైగా మాది హైస్కూలు. తొమ్మిది, పది చదివే పిల్లలు మమ్మల్ని ప్రతిక్షణం చూస్తుంటారు. హెచ్ఎం గారికి చెప్పాల్సిందే అన్నాను. ఇద్దరూ కలిసే వెళ్లి చెప్పారు.

ఆయన కోప్పడలేదు. రెండు మాటలు అడిగారు. పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఈ విషయం స్టాఫ్‌రూమ్ దాటకూడదు. ఏ ఆఫీసులో ఏ కాగితం పెట్టినా, అంతకుముందే ఎవరి ఇంట్లో వాళ్లు స్వయంగా చెప్పాలి. ఆ రెండో మాటే ఈ పెళ్లిని నిలబెట్టిందని నా నమ్మకం.

మతాలు వేరు కాబట్టి హిందూ వివాహ చట్టం పనికిరాదు. ఎవరో ఒకరు మతం మారితే సులువుగా అయిపోతుందని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఆమె ఒప్పుకోలేదు. "పెళ్లి కోసం బాప్తిస్మం తీసుకుంటే దేవుడి దగ్గరా అబద్ధమే, ఆయన దగ్గరా అబద్ధమే" అంది. మాస్టారూ అదే మాట మీద ఉన్నారు. అప్పుడు మా ఉపాధ్యాయ సంఘంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన 1954 ప్రత్యేక వివాహ చట్టం గురించి విడమరిచి చెప్పారు. ఆ చట్టం కింద ఎవరి మతంలో వాళ్లు ఉంటూనే పెళ్లి చేసుకోవచ్చు. ఇద్దరిలో ఒకరైనా కనీసం ముప్పై రోజులుగా ఆ పరిధిలో కాపురముండాలి. వివాహ అధికారికి, అంటే మా దగ్గర సబ్ రిజిస్ట్రారుకి, ఇద్దరూ సంతకాలు చేసి నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. ముప్పై రోజుల్లో అభ్యంతరం ఏదీ రాకపోతే ముగ్గురు సాక్షుల ముందు పెళ్లి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరగాలి, లేకపోతే మళ్లీ కొత్త నోటీసు.

ఆయన చెప్పినవాటిలో మమ్మల్ని బాగా ఆలోచింపజేసినది ఇంకొకటుంది. పెళ్లి చేసుకునేవాళ్ల శాశ్వత చిరునామా వేరే అధికారి పరిధిలో ఉంటే, నోటీసు ప్రతి అక్కడికీ వెళ్తుంది, అక్కడా అంటిస్తారు. అంటే అమ్మాయి పేరు, అబ్బాయి పేరు, చిరునామాలు కోనసీమలో వాళ్ల ఊరికి దగ్గర్లోని ఆఫీసు గోడ మీదకు వస్తాయన్నమాట. ఆ ఆఫీసుకు రోజూ పొలాల రిజిస్ట్రేషన్ల కోసం ఎందరో వస్తుంటారు. కూతురి పెళ్లి సంగతి ఆ గోడ మీద చూసినవాడెవడో వచ్చి చెబితే ఏ తండ్రి తట్టుకుంటాడు?

పరీక్షలు అయ్యాక ఆమె ఇంటికెళ్లి చెప్పింది. తండ్రి రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు, "మీ స్కూల్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే రమ్మను" అన్నారట. హెచ్ఎం గారు, వాళ్లావిడ, నేను బయల్దేరాం. రావులపాలెం దాటాక కాలవగట్టు రోడ్డు మీద కారు వెళ్తుంటే మేం ముగ్గురం ఏం మాట్లాడాలో ఒకటికి రెండుసార్లు అనుకున్నాం. అబద్ధం చెప్పకూడదు, అబ్బాయిని లేనిపోని పొగడ్తలు పొగడకూడదు, వాళ్లని తక్కువ చేయకూడదు. అంతే అనుకుని వెళ్లాం.

కొబ్బరి నీళ్లిచ్చారు, కూర్చోబెట్టారు. చాలాసేపటి వరకు ఆయన తోట గురించే మాట్లాడారు. తర్వాత ఉన్నట్టుండి, "మేడమ్ గారూ, మావాళ్లకి నేనేం చెప్పుకోను?" అన్నారు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ వరసగా వచ్చాయి. పిల్ల పేరు మారుస్తారా? చర్చికి తీసుకెళ్తారా? పుట్టేవాళ్లు ఏ మతం? ఆస్తి సంగతేమిటి? పేరు మారదు, మతం మారదు అని చెప్పాం. పిల్లల సంగతి వాళ్లిద్దరూ నిర్ణయించుకోవాల్సిందే, మేం మాట ఇవ్వలేమన్నాం. ఆస్తి గురించి పెద్దాయన చెప్పింది దాచకుండా చెప్పాం. ఈ చట్టం కింద ఇలా క్రైస్తవుణ్ని పెళ్లి చేసుకున్న హిందువు ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టే లెక్క. ఇలా మతాలు వేరైన జంటకు వారసత్వం భారత వారసత్వ చట్టం ప్రకారం నడుస్తుంది. ఇది వింటే ఆయన మరింత బిగుసుకుంటారేమోనని హెచ్ఎం గారి భార్య భయపడ్డారు. కానీ ఆయన తలాడించి, "దాచకుండా చెప్పారు, అది చాలు" అన్నారు.

ఆయనకు బాగా బాధ కలిగించింది నోటీసు సంగతే. "మా ఊరి ఆఫీసులో కూడా అంటిస్తారా?" అని రెండుసార్లు అడిగారు. ఔనన్నాం. కాసేపు ఆలోచించి, "అయితే నాకు వారం టైమివ్వండి. అన్నదమ్ములకి నేనే చెప్పుకుంటాను. గోడ మీద చూసి తెలుసుకోకూడదు" అన్నారు. ఒప్పుకున్నారా, లేదా అని మేం అడగలేదు. వారం ఆగుతామని చెప్పి వచ్చేశాం.

మాస్టారి తల్లిగారి దగ్గరకు నేను ఒక్కదాన్నే వెళ్లాను. ఆవిడ బాధ వేరు. కోడలి మీద అభ్యంతరం లేదు. కొడుకు పెళ్లి చర్చిలో, తను ఇన్నేళ్లుగా పాటలు పాడిన చోట జరగడం లేదని ఏడ్చింది. నాకు సమాధానం దొరకలేదు. ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఇలాంటి పెళ్లిళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఒప్పుకోని పెద్దల గురించే అందరూ మాట్లాడతారు. ఒప్పుకుని కూడా లోపల ఒక కోరిక చంపుకునే తల్లుల గురించి ఎవరూ మాట్లాడరు.

వారం తర్వాత నోటీసు ఇచ్చారు. పేరు, వృత్తి, వయసు, ఇప్పుడుంటున్న ఇల్లు, సొంత ఊరు, ఎన్నాళ్లుగా ఉంటున్నారు, ఇంతకుముందు పెళ్లయిందా లేదా, ఈ వివరాలు రాయాలి. వయసుకు పదో తరగతి సర్టిఫికెట్లు, చిరునామాకు ఆధార్, ఫొటోలు పెట్టారు. మామూలుగానే అయిపోయింది.

ఆ తర్వాత ముప్పై రోజులూ గడవడమే కష్టమైంది. మాస్టారు పదో తరగతి జవాబు పత్రాలు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్తున్నారు. ఆమెకు బడిలో ఏడాది చివరి పరీక్షల పని. ఒకరోజు ఆమె పెదనాన్నగారు బడికే వచ్చారు. గేటు దగ్గరే కేకలు మొదలుపెట్టారు. పిల్లలు కిటికీల్లోంచి చూస్తున్నారు. మా పీడీ గారు, అంటే ఆటల మాస్టారు వెళ్లి, "బాబాయ్, ఎండలో నిలబడ్డారు, లోపలికి రండి" అని చెయ్యి పట్టుకుని హెచ్ఎం గారి గదికి తీసుకొచ్చారు. ఆయన అనాల్సినవన్నీ అన్నారు. అభ్యంతరం వేస్తానన్నారు. హెచ్ఎం గారు అన్నీ విని, "వేయొచ్చు, మీకు ఆ హక్కుంది. కానీ చట్టం ఒప్పుకునే కారణాలు కొన్నే. ఎవరికైనా ఇంతకుముందే పెళ్లయి ఆ భార్యో భర్తో ఉండాలి, లేదా అబ్బాయికి ఇరవై ఒకటి, అమ్మాయికి పద్దెనిమిది నిండకుండా ఉండాలి, సమ్మతి చెప్పలేని మానసిక స్థితి అయినా ఉండాలి, నిషేధించిన దగ్గరి బంధుత్వమైనా ఉండాలి. పెద్దలకి ఇష్టం లేదన్నది అందులో లేదు" అన్నారు. ఆయన లేచి వెళ్లిపోయారు. అభ్యంతరం వేయలేదు. పెళ్లికీ రాలేదు. ఇప్పటికీ మాట్లాడటం లేదు.

ఆ సాయంత్రం స్టాఫ్ మీటింగ్ పెట్టుకున్నాం. నోటీసు ఇచ్చాక విషయం ఇక దాగదు, పిల్లల దాకా వచ్చేసింది. వాళ్లు చాటుగా ఏదో ఒకటి అనుకునే ముందే మనమే చెబుదామని నేను పట్టుబట్టాను. మర్నాడు తొమ్మిదో తరగతికి హెచ్ఎం గారే చెప్పారు. ఇద్దరూ చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడ్డ పెద్దవాళ్లు, ఇళ్లలో చెప్పారు, చట్టం ప్రకారం పెళ్లి చేసుకోబోతున్నారు అని. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "సార్, పెళ్లయ్యాక మేడమ్ ఉద్యోగం మానేస్తారా?" అని అడిగింది. మానరని ఆయన చెప్పగానే కూర్చుంది. ఆ పిల్ల అక్కకి పదో తరగతి అయిన వెంటనే పెళ్లి చేసేశారని నాకు తెలుసు.

పెళ్లి రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముగ్గురు సాక్షుల్లో నేనొకదాన్ని, పీడీ గారొకరు. మూడో సాక్షి ఎవరన్నది ముందురోజు దాకా తేలలేదు. స్టాఫ్‌లో ఎవరైనా చేస్తారు, కానీ ఆమె వైపు నుంచి ఒక్కరుంటే బాగుండునని నా మనసులో ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఆమె తమ్ముడు తెల్లవారేసరికి దిగాడు. ఎవరికీ చెప్పలేదు, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చేశాడు. "అక్క సంతకం పక్కన నా సంతకం ఉండాలండీ" అన్నాడు. అప్పటిదాకా ధైర్యంగా ఉన్న అమ్మాయి అప్పుడు ఏడ్చింది.

అధికారి ముందు ఇద్దరూ, మేం ముగ్గురం డిక్లరేషన్ మీద సంతకాలు పెట్టాం. తర్వాత ఒకరి పేరు ఒకరు పలికి, చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నానని చెప్పాలి. ఈ మాట చెప్పనిదే పెళ్లి పూర్తికాదని చట్టంలోనే ఉంది. మాస్టారి గొంతు వణికింది. వందమంది పిల్లల ముందు అదరకుండా పాఠం చెప్పే మనిషి. ఆమె స్పష్టంగా చెప్పింది. సర్టిఫికెట్ మీద మళ్లీ అందరం సంతకాలు పెట్టి బయటకొచ్చాం.

అందరినీ పిలిచిన పెళ్లి సభ ఆదివారం సాయంత్రం, మా సంఘం హాల్లో. మే నెల ఎండకు పగలు పెట్టే ఆలోచనే లేదు. ఖర్చంతా ఇద్దరూ సగం సగం పెట్టుకుంటామన్నారు, భోజనాలు మాత్రం స్టాఫ్ తరఫున మావి. కట్నం ప్రసక్తే లేదు. ప్రభుత్వోద్యోగి కట్నం తీసుకోకూడదని ప్రవర్తనా నియమాల్లో ఉన్నా, టీచర్ల పెళ్లిళ్లలో రేట్లు మాట్లాడుకోవడం నేను చూశాను. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు మండుతుంది. చదివింపులు వద్దని, ఇవ్వాలనుకునేవాళ్లు బడి లైబ్రరీకి పుస్తకాలు తెమ్మని చెప్పాం.

తాళి గురించి స్టాఫ్‌రూమ్‌లో పెద్ద వాదనే జరిగింది. దండల పెళ్లిలో తాళి ఉండకూడదని మా లెక్కల మాస్టారు. అమ్మాయి వాళ్లమ్మ కోరిక తీర్చాలని హిందీ టీచరు. మెడ ఆమెది, నిర్ణయం కూడా ఆమెదే అని నేను. చివరికి ఆమే దారి కనిపెట్టింది. సభ మొదలయ్యే ముందు తల్లి తన నల్లపూసలు తీసి కూతురి మెడలో వేసింది. మాస్టారి తల్లి ఇద్దరి తలల మీదా చేతులుంచి కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. రెండూ వేదిక కింద, ఇంటివాళ్ల మధ్య జరిగాయి. వేదిక మీద ప్రమాణాలూ దండలూ మాత్రమే.

దండలు మా పీడీ గారు పొద్దున్నే కడియపులంక వెళ్లి తెచ్చారు. వాడిపోకుండా తడిగుడ్డ కప్పి సాయంత్రం దాకా కాపాడారు. హెచ్ఎం గారు అధ్యక్షత. ప్రసంగాలు ఎక్కువైతే జనం విసుగెత్తుతారని ఇద్దరమే మాట్లాడాం. నేను వీరేశలింగం గారి గురించి చెప్పాను. ఆయనా మాలాగా బడిపంతులే, తెలుగు చెప్పినవారే. 1881 డిసెంబరు 11న ఇదే రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించినప్పుడు ఆయనకు అండగా నిలిచింది విద్యార్థులు. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే నీళ్లు తెచ్చి వంట చేశారు. కాకినాడ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన నాస్తికవాది గోరా గారు 1948లో కూతురు మనోరమకు, దళిత కుటుంబం నుంచి వచ్చిన అర్జునరావుకు గాంధీజీ ఆశ్రమమైన సేవాగ్రామ్‌లో కులాంతర వివాహం చేశారు. పంతుళ్లు పెళ్లి పెద్దలు కావడం ఈ గోదావరి గట్టున కొత్త కాదు, మనం చాలాకాలం మరిచిపోయామంతే అన్నాను. మాట్లాడుతూ చూస్తే వెనక వరసలో అమ్మాయి నాన్నగారు కనిపించారు. ఎప్పుడొచ్చారో తెలియదు. హెచ్ఎం గారు దిగి వెళ్లి ముందుకు రమ్మంటే, "ఇక్కడ బాగుందండీ" అన్నారట. కానీ దండలు మార్చుకున్నాక అక్షింతలు వేయడానికి ఆయనే లేచి వచ్చారు. అల్లుడి తల మీద కూడా వేశారు.

భోజనాల్లో ఆవపెట్టిన పనసపొట్టు కూర, మామిడికాయ పులిహోర, గుమ్మడికాయ దప్పళం, రసాల మామిడిపళ్లు, ఆత్రేయపురం పూతరేకులు. బడిలో ఏడాది పొడుగునా మధ్యాహ్న భోజనం వండిపెట్టే ఆడవాళ్లను తొలి పంక్తిలో కూర్చోబెట్టాం. వడ్డించింది మా స్టాఫూ, పది పాసైన మా పిల్లలూ. "రోజూ మేం పెడతాం, ఇవాళ మీరు పెడుతున్నారు" అని వాళ్లలో పెద్దావిడ అంది. ఆ రోజంతా నాకు బాగా సంతోషం కలిగించిన మాట అది. పుస్తకాలు మూడు అట్టపెట్టెలు వచ్చాయి, ఎక్కువ బాలల కథలే.

జూన్ 12న బడి తెరిచాక అసెంబ్లీలో హెచ్ఎం గారు ఇద్దరినీ పిలిచి అభినందించారు. ఒకరిద్దరు తల్లిదండ్రులు వచ్చి, పిల్లల మీద దీని ప్రభావం పడదా అని అడిగారు. సోషల్ టీచరే వాళ్లతో మాట్లాడింది. టైంటేబుల్‌లో ఇద్దరికీ ఏ మినహాయింపూ ఇవ్వలేదు, వాళ్లు అడగనూ లేదు.

ఇక కాగితాల పని. ఈ దారిలో వెళ్లేవాళ్లు వివాహ ధ్రువపత్రం ధ్రువీకరించిన నకళ్లు రెండు మూడు ముందే తీసుకుని పెట్టుకోండి. సర్వీసు రిజిస్టరులో నమోదుకు ఒకటి కావాలి. ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా), గ్రూప్ ఇన్సూరెన్స్, సీపీఎస్ (పింఛను) ఖాతాల్లో నామినీలు మార్చుకోవాలి. హెల్త్ కార్డులో భార్యాభర్తల వివరాలు చేర్చాలి. పెళ్లి హడావిడిలో వీటిని వాయిదా వేస్తే ఏళ్లు గడిచిపోతాయి. మావాళ్లిద్దరినీ నేను వెంటపడి జులైలోపు పూర్తి చేయించాను.

మొన్న అమ్మాయి నాన్నగారు ఫోన్ చేశారు. బదిలీల్లో భార్యాభర్తలు దగ్గర్లో పనిచేసేందుకు స్పౌజ్ పాయింట్లుంటాయటగా, వాటితో ఇద్దరూ మా కోనసీమ వైపు వచ్చే వీలుందా మేడమ్ గారూ అని అడిగారు. ఆ పాయింట్లు ఇద్దరిలో ఒకరే వాడుకోవాలని చెప్పాను. ఒకే బడిలో రెండు ఖాళీలు దొరకడం కష్టం, పక్కపక్క ఊళ్లలోనైనా వస్తే మంచిదే అన్నాను. "అల్లుడికి రావులపాలెం దగ్గరైతే ఆయన తల్లిని కూడా తెచ్చుకోవచ్చు, ఇల్లు నేను చూస్తాను" అన్నారు. బదిలీల షెడ్యూలు రాగానే ఖాళీల జాబితా తీసి పంపిస్తానని చెప్పాను.